పడుగు ముందు ఆగిన బండి

సూర్యచంద్రులు ఆగరు, గాలి ఆగదు, గోదావరి ఆగదు, చివరికి దేశాల మధ్య లడాయి కూడా ఆగడం లేదు. ఇన్ని పెద్దపెద్దవి ఆగకుండా సాగుతుంటే ఎడ్లబండి ఒక్కటి మాత్రం వీధిలో ఆగుతానంటే కుదరదని తేల్చి, వరంగల్ పట్టణంలో బండ్ల నిలుపుదల మహకమాను స్థాపించారు. (మహకమా అంటే శాఖే. కానీ శాఖ అంటే అక్కడివాళ్లు చిన్నబుచ్చుకుంటారు.) పేరు విని ఇది బండ్లు నిలుపుకోవడానికి జాగా చూపించే చోటని పల్లెల వాళ్లు పొరపడి వస్తుంటారు. జాగా చూపించడం దాని పని కాదు. నిలిచిన బండిని పట్టుకుని జుర్మానా వేయడం దాని పని.

ఈ మహకమా అరుగు చివర చిన్న బల్ల వేసుకుని అర్జీలు రాసి బతికే ఆనందరావును నేను. మిషన్ బడిలో చదివేటప్పుడు మంచి దస్తూరీకి బహుమతిగా ఇచ్చిన నల్లకలం ఒకటి నా దగ్గరుంది. మా ఇంట్లో పొయ్యి వెలిగేది దానివల్లే. మహకమా లేకపోతే జుర్మానా లేదు, జుర్మానా లేకపోతే అప్పీలు లేదు, అప్పీలు లేకపోతే నాకు పూట గడవదు. కాబట్టి మహకమా గురించి నా నోట చెడ్డమాట రాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. చదువుతుంటే ఎక్కడైనా చెడుగా అనిపిస్తే దానికి నాది పూచీ కాదు.

ముందుగా చట్టం సంగతి. బండి ఆగిందా, సాగుతోందా అన్నది మామూలు మనుషులు కళ్లతో చూసి చెబుతారు. కళ్లను నమ్మితే మహకమా ఎందుకు? అందుకని శాస్త్రీయంగా ఒక నియమం పెట్టారు. బండికి ఎడ్లు కట్టి ఉంటే అది ప్రయాణం. ఎడ్లు విప్పితే అది నిలుపుదల. కట్టిన ఎడ్లు కాడి కిందే మోకాళ్ల మీద కూలబడి నెమరువేస్తున్నా సరే అది ప్రయాణమే, కాకపోతే కొంచెం మెల్లగా సాగే ప్రయాణం. పెట్రోలు దొరక్క బొగ్గు పొగతో నడిచే బస్సుల విషయంలో మాత్రం ఒక చిక్కు వచ్చింది. అవి ఏ క్షణంలో ఆగి ఉన్నాయో ఏ క్షణంలో నడుస్తున్నాయో లోపల కూర్చున్నవాళ్లకు కూడా తెలియదు. ఆ సంగతి తేల్చడానికి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ హైదరాబాదు నుంచి బస్సులోనే బయలుదేరిందని విన్నాను.

జుర్మానా పడినవాడు నేరం చేసిన బండితో సహా దఫ్తరుకు హాజరు కావాలి. దఫ్తరు ముందు "ఇక్కడ బండి ఆపరాదు" అని పెద్ద బోర్డుంది. బండి తీసుకురావాలి, ఆపకూడదు. మొదట్లో జనం దీన్ని అర్థం చేసుకోలేక అక్కడే ఎడ్లు విప్పి, రెండో జుర్మానా కూడా వేయించుకుని పోయేవాళ్లు. తర్వాత తెలివి వచ్చింది. ముద్దాయి లోపలికి వెళితే వాడి బావమరది బండెక్కి దఫ్తరు చుట్టూ తిప్పుతూ ఉంటాడు. రద్దీ రోజుల్లో దఫ్తరు చుట్టూ బండ్లు గుడి చుట్టూ భక్తులు తిరిగినట్టు తిరుగుతుంటాయి. బావమరదులు లేనివాళ్ల కోసం కిరాయి బావమరదులు కూడా దొరకసాగారు. మజ్జిగ అమ్మే చిలుకమ్మ ముంత దించకుండా, బండ్ల పక్కన నడుస్తూనే పోసి, నడుస్తూనే పైసలు తీసుకునేది. ముంత కింద పెడితే దాన్ని ఏమంటారో అని ఆమె భయం.

ఇంత చక్కగా సాగుతున్న వ్యవస్థలోకి వేసవి ఎండల్లో ఒకనాడు పౌలు వచ్చాడు.

పౌలుది మరిపెడ దగ్గర ఒక పల్లె. భార్య సారమ్మతో కలిసి బండిలో చింతపండు తెచ్చి గంజ్ బజారులో అమ్ముకుని, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే ఇంటికి బయలుదేరాడు. మిరుగం, అంటే మృగశిర కార్తె, నెల రోజుల్లోకి వచ్చింది. తొలి వాన పడేసరికి ఎడ్లు పొలంలో ఉండాలి, అంతకు మించి అతని మనసులో ఇంకో ఆలోచన లేదు. దగ్గరి దారని కొత్తవాడ మీదుగా తోలాడు. అక్కడ నేత పని చేసే వెంకటరాజం ఇంటివాళ్లు వీధిలో పడుగు వేసి ఉన్నారు.

కొత్తవాడ తెలియనివాళ్ల కోసం చెబుతాను. మగ్గానికి ఎక్కించబోయే నిలువు దారాలే పడుగు. ఎండ ముదరకముందే దాన్ని వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, ఇంటిల్లిపాదీ అటూ ఇటూ నడుస్తూ కుంచెలతో దువ్వుతారు. గంజి ఆరేదాకా దాన్ని కదిలించకూడదు. కదిలిస్తే దారాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, నెలల కూడు పోతుంది. అందుకని పడుగు వేసిన వీధిలోకి వచ్చినవాడు ఎంత పనిలో ఉన్నా ఆగుతాడు. దాటరు, తొక్కరు, తొందరపెట్టరు. బండివాళ్లయితే ఎడ్లను విప్పి గడ్డి వేస్తారు. ఎప్పుడు తెములుతుందో తెలియనప్పుడు మూగజీవాల మెడ మీద కాడి ఉంచడం ఎందుకని అక్కడ అందరికీ ఉన్న అలవాటు అది. పౌలు కూడా అలాగే తన ఎడ్లు ఎర్రోడినీ మచ్చోడినీ విప్పి, చక్రానికి కట్టి, గడ్డి వేశాడు.

పడుగు అవతలి కొసన మహకమా జవాను కట్టయ్య ఉన్నాడు. విప్పిన ఎడ్లు అతనికి కనబడ్డాయి. కట్టయ్య విధి పట్ల భక్తి ఉన్నవాడు, కానీ కొత్తవాడలో పుట్టినవాడు కూడా. పడుగు దాటి రాడు కదా. అందుకని గంజి ఆరేదాకా అటువైపే ఓపికగా నిలబడ్డాడు. (మనుషులు ఆగడం అప్పటికి ఇంకా నేరం కాలేదు.) వెంకటరాజం పడుగు చుట్టి లేపాక మెల్లగా వచ్చి, సుద్దముక్కతో చక్రం మీద జుర్మానా గుర్తు వేశాడు. నువ్వెందుకు ఆగావని పౌలును అడిగాడు. నువ్వెందుకు ఆగావని పౌలు కట్టయ్యను అడిగాడు. ఆ మాట దస్త్రంలోకి ఎక్కలేదు.

దఫ్తరులో పేష్కారు కైలాసం కాగితం ముందు పెట్టాడు. పేష్కారంటే పెద్ద అధికారికి కాగితాలు వినిపించేవాడు. కైలాసం ఎవరి మీదా కోపం తెచ్చుకోడు, ఎవరికీ మేలు చేయడు. జుర్మానా కట్టడం సులువే. కాకపోతే కట్టేవాడు "నా ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమూ లేక, బండిని ఆపితిని" అన్న వాక్యం కింద వేలిముద్ర వేయాలి. పౌలు వేయనన్నాడు. ఎంత చెప్పినా వినకపోతే కైలాసం అతన్ని నా బల్ల దగ్గరికి పంపాడు.

నేను నా అన్నం సంగతి కాసేపు మరిచిపోయి నిజాయితీగా సలహా ఇచ్చాను. వేలు ముంచి, ముద్ర వేసి, ఇంటికి పొమ్మన్నాను. పౌలు నన్ను ఆదివారం ఆరాధనలో నిద్రపోయినవాణ్ని చూసినట్టు చూశాడు.

"జుర్మానా కట్టుమంటె కడుత పంతులూ. గాని నా ఇష్టంతోని ఆపిన అని ఏలు ఎట్ల పెడుత? పడుగు ఏసిండ్రు, ఆగిన. పడుగు మీదికెల్లి బండి తోలేటోడు మనిషేనా?"

ఇక చేసేదేముంది? అప్పీలు రాశాను. చాలా బాగా వచ్చింది. ఆగినది బండి కాదని, బండిని పడుగు ఆపిందని, కావున ముద్దాయి ప్రయాణంలో ఉండగా మరొకరిచేత అంతరాయానికి గురైన బాధితుడని రాశాను. కైలాసం చదివి మెచ్చుకుని, అప్పీలు చేసినవాడు పారిపోకుండా జమానతు, అంటే హామీ, పెట్టాలన్నాడు. ఏం పెట్టాలని అడిగితే, బండితో పారిపోతాడు కాబట్టి బండిని లాగేవి పెట్టాలన్నాడు. ఎర్రోడినీ మచ్చోడినీ మహకమా దొడ్డిలోకి తోలుకెళ్లారు. సారమ్మ దొడ్డి తలుపు దాకా వాటి వెనకే వెళ్లి, తలుపు వేశాక కూడా కొంతసేపు అక్కడే నిలబడింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఎడ్లు లేని బండి వీధిలో ఎక్కడున్నా నేరమే కాబట్టి దాన్ని వెంకటరాజం ఇంటి వాకిట్లోకి నెట్టారు. తన పడుగు వల్లే ఈ మనిషికి ఇంత వచ్చిందని వెంకటరాజానికి మనసు పీకుతోంది. మొగుడూ పెళ్లాలిద్దరినీ తన ఇంట్లోనే ఉండమన్నాడు. ఊరికే తినడం ఇష్టంలేక సారమ్మ ఆ ఇంటి ఆడవాళ్లతో కూర్చుని దారం కండెలు చుట్టేది. పౌలు రోజూ దఫ్తరుకు వచ్చి నా బల్ల పక్కన కూర్చుని ఆకాశం వైపు చూసేవాడు. మబ్బు లేకపోతే సంతోషించేవాడు. వాన రాకూడదని కోరుకునే రైతును నేను అప్పుడే చూశాను.

ఈలోగా దొడ్డిలో ఒక చిక్కు వచ్చింది. ఎడ్లు కాడి లేకుండా ఊరికే నిలబడి ఉన్నాయి. నిలుపుదల మహకమా దొడ్డిలోనే నిలుపుదల జరిగితే ఊళ్లో తలెత్తుకోలేమని కైలాసం బాధపడ్డాడు. పరువు కాపాడుకోవడానికి వాటిని మహకమా కాగితాల బండికి కట్టారు. ఆ బండి హనుమకొండ నుంచి కాగితాలు తెచ్చేది, అవే కాగితాలు మళ్లీ హనుమకొండకు తీసుకెళ్లేది. దారిలో ఎక్కడా ఎడ్లను విప్పేవాళ్లు కాదు. సాయంత్రం దఫ్తరు ముందుకు తెచ్చినా విప్పకుండానే ఉంచేవాళ్లు, ఎందుకంటే అక్కడ బండి ఆపరాదు. మచ్చోడి మెడ మీద పుండు పడింది. సారమ్మ గంజిలో పసుపు కలిపి తెచ్చి, ఎవరూ చూడనప్పుడు రాసి వెళ్లేది.

చివరికి అప్పీలు విచారణకు వచ్చింది. ముహతమీం సాహెబ్, అంటే మహకమా మొత్తానికి పెద్ద, స్వయంగా విన్నారు. ఆయన న్యాయం తెలిసిన మనిషి. ఒకవైపు మాటే విని తీర్పు ఇవ్వడం తప్పని, బండిని ఆపిందని చెబుతున్న పడుగును కూడా హాజరుపరచాలని అన్నారు. వెంకటరాజం చేతులు కట్టుకుని, ఆ పడుగు ఎప్పుడో చీరలైపోయిందని, చీరలు అమ్ముడుపోయాయని మనవి చేసుకున్నాడు. ఆ చీరలు కట్టుకున్న ఆడవాళ్లందరినీ పిలిపిద్దామా అని సాహెబ్ కాసేపు ఆలోచించారు. మర్యాద కాదని మానుకున్నారు. బదులుగా, జరిగినదంతా జరిగిన చోటే, అదే వేళకు, మళ్లీ జరిపించి చూపించాలని హుకుం ఇచ్చారు.

వెంకటరాజం మరో పడుగు సిద్ధం చేసుకునేసరికి రోజులు గడిచిపోయాయి. మిరుగం రానే వచ్చింది. ఏటూరునాగారం వైపు మబ్బులు కమ్ముకుంటున్నాయని లారీవాళ్లు చెప్పుకుంటున్నారు. ముందురోజు సారమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె అంతదాకా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"మిరుగం నెత్తి మీదికొచ్చింది పంతులూ. మేం ఈడ కండెలు చుట్టుకుంట కూసుంటె ఆడ పొలం ఎవలు దున్నుతరు? ఈ ఏడు ఇత్తు పడకుంటె మేం ఏం తినాలె?"

రేపటితో అయిపోతుందని చెప్పాను. ఏది అయిపోతుందో నాకే తెలియదు.

మర్నాడు తెల్లవారేసరికి కొత్తవాడ వీధిలో పడుగు పరుచుకుంది. సాహెబ్ కూర్చోవడానికి ఆ కొసన కుర్చీ వేశారు. ఈ కొసన బండి. ఎడ్లు లేవు. జమానతుగా ఉన్న ఎడ్లను సాక్ష్యానికి వాడితే జమానతు చెడుతుందని కైలాసం ససేమిరా అన్నాడు. కానీ ఎడ్లను విప్పడం చూపించాలంటే ముందు కట్టి ఉండాలి కదా. చాలాసేపు ఆలోచించి, ముద్దాయి పౌలు ఎర్రోడి స్థానంలోనూ, అప్పీలు రాసిన ఆనందరావు మచ్చోడి స్థానంలోనూ నిలబడాలని, ఇందుకు విచారణ దస్త్రమే సాక్ష్యమని రాసుకున్నాడు. నా మెడ మీద కాడి పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. బహుమతి కలం జేబులో పెట్టుకున్నవాణ్ని, ఇంగ్లీషులో కూడా అర్జీ రాయగలవాణ్ని. అయినా బండి లాగుతూ వీధిలోకి వచ్చాను. పౌలు అటుపక్క నుంచి, కొంచెం వంగు పంతులూ, బరువు నా దిక్కు పడతాంది అన్నాడు. వంగాను. పడుగు దగ్గరికి రాగానే సారమ్మ మా ఇద్దరినీ విప్పి, నియమం ప్రకారం గడ్డి చూపించి, నియమంలో లేకపోయినా మంచినీళ్లు ఇచ్చింది.

అప్పుడే సాహెబ్ బగ్గీ వచ్చింది. మా వైపు నుంచే వచ్చింది. కుర్చీ అటువైపు ఉంది, మధ్యలో వీధంత పొడవు పడుగు. బగ్గీ తోలే మనిషి పడుగు లేపమని కేకేశాడు. వెంకటరాజం కుంచె చేతిలో పట్టుకునే వంగి సలాం చేశాడు.

"దొరా, గంజి తడి మీదున్నది. ఇప్పుడు లేపితె దారం దారం అంటుకపోతది. మా ఇంటిల్లిపాది కష్టం. జర ఆగాలె."

సాహెబ్ చుట్టూ చూశారు. వీధిలో అందరూ ఆగి ఉన్నారు. పాలవాడు ఆగాడు, బడికి పోయే పంతులు ఆగాడు, కైలాసం కాగితాలు గుండెకు హత్తుకుని ఆగాడు. సాహెబ్ కూడా బగ్గీలోనే కూర్చుండిపోయారు. ఎండెక్కింది. గుర్రానికి గంజి వాసన తగిలింది. అది మెడ చాచి పడుగు వైపు రెండు అడుగులు వేసేసరికి ఆడవాళ్లు కేకలు పెట్టారు. అది దారాలు నాకేస్తే ఇంకేమైనా ఉందా? బగ్గీ మనిషి గబగబా దిగి, గుర్రాన్ని విప్పి, దూరంగా తీసుకెళ్లి కట్టేశాడు.

కట్టయ్య జేబులో నుంచి సుద్దముక్క తీశాడు. ఉద్యోగం పోతుందేమోనని భయపడే ఉంటాడు, కానీ విప్పిన గుర్రం అతని కళ్ల ముందుంది. వెళ్లి బగ్గీ చక్రం మీద గుర్తు వేసి, వెనక్కి వచ్చి, అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఆడవాళ్లు మళ్లీ కుంచెలు అందుకున్నారు.

పడుగు లేచింది, సాహెబ్ కుర్చీ జోలికి పోకుండా నేరుగా దఫ్తరుకు వెళ్లారు. నేరం చేసిన బండి హాజరు కావాలి కాబట్టి నేనూ పౌలూ మళ్లీ కాడి కింద దూరి, ఆ బండిని దఫ్తరు దాకా లాక్కొచ్చాం. అంతలోనే తీర్పు తయారైంది. మహకమా చరిత్రలో అంత తొందరగా ఒక కాగితం తయారవడం అదే మొదలు. పడుగు ముందు ఆగినది ఆగినట్టు కాదని, పడుగు ముందు వేచి ఉండడం ప్రయాణంలో ఒక భాగమని, ఈ సూత్రం ఈ రోజు పొద్దున ఆగిన బండ్లన్నిటికీ, వాటితో పాటు ఇంతకుముందు అప్పీలు చేసినవాళ్లకూ వర్తిస్తుందని అందులో ఉంది.

పౌలు గెలిచాడు. నేను సంతోషం పట్టలేక అతన్ని కౌగలించుకున్నాను (పొద్దుటి నుంచి ఒకే కాడి మోసినవాళ్లం). కైలాసం కూడా అభినందించాడు. ఎడ్లను ఇప్పించమని పౌలు అడిగాడు.

"ఏ ఎడ్లు?" అన్నాడు కైలాసం.

"జమానతు పెట్టినయి."

కైలాసం కాగితం మీద వేలు పెట్టి నిదానంగా చెప్పాడు. "నీ బండి ఆగలే. ఆగని బండికి జుర్మానా లేదు. లేని జుర్మానా మీద అప్పీలు ఉండదు. లేని అప్పీలుకు జమానతు ఎవలు పెడుతరు? ఎవలూ పెట్టని జమానతును ఏ అధికారంతోని వాపసియ్యమంటవు?"

"మరి బయట కట్టేసి ఉన్నయి ఎవల ఎడ్లు?"

"మహకమా బండికున్నయంటె మహకమావే అయి ఉంటయి" అన్నాడు కైలాసం. అతని గొంతులో మోసమేమీ లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. నాకు భయమేసింది అందుకే. మోసగాడైతే ఏదో ఒకటి ఇచ్చి మాట్లాడుకోవచ్చు.

రెండో అప్పీలు రాస్తానన్నాను. మొదటి అప్పీలే లేదని తీర్పు వచ్చాక రెండోది ఎలా ఉంటుందని కైలాసం అడిగాడు. పౌలు అరుగు మీద కూలబడి నేల చూపులు చూస్తుండిపోయాడు. ఆనాడు వేలిముద్ర వేయనని అంత గట్టిగా నిలబడ్డ మనిషి అలా కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. అప్పుడే మిరుగం మొదటి చినుకులు బోర్డు మీద పడ్డాయి. మట్టి వాసన లేచింది.

సారమ్మ వాన వైపు చూసింది. తర్వాత దఫ్తరు ముందున్న మహకమా బండి వైపు చూసింది. ఎర్రోడూ మచ్చోడూ కాడి కిందే నిలబడి ఉన్నాయి, చట్టప్రకారం ప్రయాణంలో ఉన్నాయి. ఆమె వాటిని ముట్టుకోలేదు. పగ్గం పట్టుకోలేదు. వాటి ముందుకు వెళ్లి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, రోజూ పొలానికి నడిచే నడకలో ఖమ్మం రోడ్డు వైపు నడవడం మొదలుపెట్టింది. ఎడ్లు కూడా నడిచాయి. వాటి వెనక మహకమా బండి, బండిలో మహకమా కాగితాలు కదిలాయి. పౌలు తలెత్తి చూసి, లేచి, బండి వెనక నడిచాడు.

కట్టయ్య పరుగెత్తుకొచ్చాడు. బండి ఆపు అక్కా అన్నాడు.

సారమ్మ వెనక్కి తిరగలేదు. "నేను తోలుతలేను తమ్మీ. నేను ఇంటికి నడుస్తాన. అవి వస్తానయ్. ఆపాల్నంటె నువ్వే ఆపు."

కట్టయ్య బండి వైపు చూశాడు. బోర్డు వైపు చూశాడు. చేతిలోని సుద్దముక్క వైపు చూశాడు. అక్కడ బండి ఆపినవాడికి జుర్మానా అన్నది అతని చేతులతోనే వందల చక్రాల మీద రాసిన సంగతి. లోపలికి పరుగెత్తి, ఆపమంటారా హుజూర్ అని సాహెబ్‌ను అడిగాడు. తన నోటితో బండి ఆపమని చెప్పిన మొదటి ముహతమీం అని పేరు తెచ్చుకోవడానికి సాహెబ్ సిద్ధంగా లేరు. పొద్దుటి సుద్దగుర్తు బగ్గీ చక్రం మీద ఇంకా ఉంది. వానలో తడుస్తూ బండి మలుపు తిరిగేదాకా ఆయన కిటికీ దగ్గర నిలబడి చూశారు. చిలుకమ్మ మాత్రం వాళ్లతో పాటు కొంతదూరం నడిచి, మజ్జిగ పోసి వచ్చింది. పైసలు తీసుకోలేదట.

మహకమా దస్త్రంలో ఆ బండి ఎదురుగా "ప్రయాణంలో ఉన్నది" అని రాశారు. ఇప్పటికీ అలాగే ఉంది.

పౌలు దొంగ కాదు. విత్తనాలు వేయడం అయిపోగానే మహకమా బండిని, అందులోని కాగితాలు తడవకుండా బొంత కప్పి, అప్పగించడానికి వరంగల్ తీసుకొచ్చాడు. అప్పగించాలంటే ఆపాలి. దఫ్తరు చుట్టూ చాలాసేపు తిరిగాడు. తిరుగుతూనే నన్ను పలకరించి, పొలం పచ్చగా ఉందని, మచ్చోడి పుండు మానిందని, సారమ్మ నన్ను అడిగిందని చెప్పాడు. ఎవరూ బండిని అప్పగించుకోకపోయేసరికి మళ్లొస్త పంతులూ అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా వచ్చాడు. వచ్చినప్పుడల్లా కైలాసం బయటికి వచ్చి, బండి బాగా నడుస్తోందా అని అడిగి లోపలికి వెళుతున్నాడు.

పోతే, పౌలు సొంత బండి ఆ రోజు మేమిద్దరం లాక్కొచ్చిన చోటే, బోర్డు కింద ఉండిపోయింది. ఎడ్లు లేవు, పడుగు కూడా లేదు, కాబట్టి తీర్పు దీనికి వర్తించదు. ఇది అచ్చమైన నిలుపుదల. యజమాని ప్రయాణంలో ఉన్నాడు గనుక అతనికి నోటీసు ఇవ్వడం కుదరలేదు. దస్త్రం తిరగేస్తే, ఆ బండికి కట్టిన మచ్చోడి స్థానంలో ఆనందరావు అని ఉంది, ఆ ఆనందరావు కాడి లేకుండా బండి పక్కనే బల్ల వేసుకుని కూర్చుని ఉన్నాడు. కట్టయ్య తలవంచుకుని వచ్చి నా బల్ల కాలు మీద సుద్దతో జుర్మానా గుర్తు వేసి వెళ్లాడు.

అప్పీలు చేసుకుంటానన్నాను. మీ హక్కు అని కైలాసం అన్నాడు. అప్పీలు సిరాతోనే రాయాలి. జమానతుగా నా కలం తీసుకున్నారు. ఇదంతా పెన్సిలుతో రాశాను.